‘అ కుశల మక్రీ’: అమ్మమ్మ పాడిన ఐరిష్ పాట మిగతా చరణాలు ఎక్కడ వెతకాలి?

నమస్తే అండీ. ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీవారి అమ్మమ్మ 1925లో ఐర్లండ్‌లోని పశ్చిమ లిమరిక్‌లో పుట్టారు. పొయ్యి దగ్గర పని చేసుకుంటూ ఒక పాట పాడుతుండేవారు. ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది. ఇంటిల్లిపాదినీ అడిగితే తేలింది రెండే ముక్కలు: క్వీన్స్‌టౌన్ రేవులో ఓడ పొగ కనబడటం, ఎవరిదో నీలం శాలువా అంచు తడవటం. పల్లవి చివర ‘అ కుశల మక్రీ’ అని ఏదో వస్తుంది. అక్టోబర్లో మీ అత్తగారి 70వ పుట్టినరోజుకి పాట మొత్తం పాడించాలని మీ కోరిక. గూగుల్‌లో దొరకలేదు. ఏఐని అడిగితే ఆరు చరణాలు ఇచ్చింది. అదేనా అని అడిగారు.

అది కాదండీ. ఆ ఆరు చరణాలు పక్కన పడేయండి. మీ అత్తగారికి మాత్రం అస్సలు చూపించకండి, కారణం కింద చెప్తాను. అసలు పాట దొరికే అవకాశం బాగానే ఉంది, కానీ మాటలు పట్టుకుని వెతికితే దొరకదు. మనిషిని పట్టుకోండి, ఊరిని పట్టుకోండి. అంతకంటే ముందు, ఇంట్లోవాళ్ళకి గుర్తున్నది గుర్తున్నట్టే, తప్పులతో సహా, ఫోన్లో రికార్డు చేయండి. ఈ వరస తారుమారు చేస్తే ఉన్నది కూడా పోతుంది.

నేను ఐర్లండ్ దక్షిణాన మన్‌స్టర్‌లో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగంలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. మాది తెనాలి. ఇక్కడికొచ్చే వాళ్ళలో ఎక్కువమంది వంశవృక్షం కోసం వస్తారు. వాళ్ళలోనే కొందరు వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, ‘మా నానమ్మ ఒక పాట పాడేదండీ’ అంటారు. నా పనిలో నాకు బాగా ఇష్టమైనది అక్కడ మొదలవుతుంది.

మీ ‘కుశల’ చూసి నవ్వుకున్నాను, ఎందుకంటే మొదటిసారి విన్నప్పుడు నాకూ కుశలమనే వినబడింది. అది ఐరిష్ భాష మాట. రమారమి ‘అ ఖుష్ల మొ ఖ్రీ’ అని పలుకుతారు, ఇంగ్లిష్ పాటల్లోకి వచ్చేసరికి ‘అకుష్లా మక్రీ’ అయింది. ఖుష్ల అంటే నాడి, మొ ఖ్రీ అంటే నా గుండె. ‘నా గుండెలో కొట్టుకునే నాడీ’ అని పిలవడం, మనం ‘నా ప్రాణమా’ అన్నట్టు. ఊరు ఊరంతా ఇంగ్లిష్‌లోకి మారిపోయాక కూడా ఇలాంటి పిలుపులు పాటల్లో ఉండిపోయాయి. మవూర్నీన్ అంటే ప్రియమైనదానా అని, అస్తోర్ అంటే ఓ నిధీ అని, అలానా అంటే బిడ్డా అని.

ఈ మాటతో వెతికితే లాభం లేదు, లెక్కలేనన్ని పాటల్లో ఉంటుంది. కానీ ఒక ఆచూకీ ఇస్తుంది. ‘అలానా’ అని ఉంటే పాడేది తల్లో తండ్రో అని దాదాపు తేలిపోయేది. ‘అకుష్లా’ అని ప్రియురాలినీ అంటారు, బిడ్డనీ అంటారు. కాబట్టి ఆ శాలువా ఓడెక్కే అమ్మాయిదా, గట్టుమీద నిలబడ్డ తల్లిదా అన్నది మీవాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న. మాటలు మరిచిపోయినవాళ్ళకి కూడా కథ గుర్తుంటుంది.

అర్థం లేదనుకున్న కూతని మాత్రం ఎప్పుడూ తీసిపారేయకండి. ఒకసారి ఒక అమెరికన్ పెద్దాయన వాళ్ళ తాత పాడిన పల్లవి అంటూ ‘షూలీ షూలీ షూలారూ, షూలారాక్‌షాక్’ అని కాగితం మీద రాసుకొచ్చాడు. పిల్లల్ని ఆడించే చప్పుళ్ళు అనుకున్నాడట. అది ‘షూల్ అ రూన్’, అంటే ‘నడిచి రా నా ప్రియా’. సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్ళిపోయే ప్రియుడికి కత్తి కొనిపెట్టడానికి తన రాట్నం అమ్ముకుంటానంటుంది ఆ పాటలో అమ్మాయి. సముద్రం దాటి తరాలు గడిచేసరికి భాష కరిగిపోయి చప్పుడు మిగిలింది. ఆ చప్పుడే మాకు తాళంచెవి అయింది. రెండు నిమిషాల్లో పాట దొరికింది. అందరికీ అంత సులువుగా దొరకదు లెండి.

ఇక మీ రెండు ముక్కల్లో ఏముందో చూద్దాం, అవి చిన్నవేం కాదు. క్వీన్స్‌టౌన్ అంటే ఇప్పుడు కోవ్ అని పిలిచే రేవు, కార్క్ నగరం పక్కన. 1849లో విక్టోరియా రాణి వచ్చినప్పుడు ఆ పేరు పెట్టారు, 1920లో మళ్ళీ పాత పేరుకి వచ్చారు. 1848 నుంచి 1950 మధ్య ఐర్లండ్ వదిలి వెళ్ళినవాళ్ళలో 25 లక్షలమందికి పైగా ఆ రేవులోనే ఓడ ఎక్కారు. పాటలో ఆ పేరుంటే, ఆ చరణం 1849కి ముందుది కాదు. ఇక పొగ. పొగంటే ఆవిరి ఓడ. వలసపోయేవాళ్ళు తెరచాప ఓడలు వదిలి ఎక్కువగా ఆవిరి ఓడలెక్కింది 1860ల తర్వాత. అంటే మీ పాట, కనీసం మీ ఇంటికి చేరిన రూపం, 1860లకీ 1920కీ మధ్యది అనుకుని మొదలుపెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త: గాయకులు పాత పాటలో ఊరి పేరు మార్చి తమ రేవు పేరు పెట్టుకోవడం మామూలే. కాబట్టి వెతికేటప్పుడు డెర్రీ, గాల్వే, లివర్‌పూల్ పేర్లతో కూడా చూడండి. రేవు మారినా శాలువా మారకపోవచ్చు.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిన పని. మీ అత్తగారినీ, ఆవిడ అక్కచెల్లెళ్ళనీ, అన్నదమ్ములనీ అందరినీ ఒకచోట కూర్చోబెట్టకండి. గట్టిగా మాట్లాడేవాళ్ళ జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అయిపోతుంది. ఒక్కొక్కరితో విడిగా, వీలైతే అమ్మమ్మగారు పాడిన చోటే, ఆ వంటింట్లోనే మాట్లాడండి. ‘పాట గుర్తుందా?’ అంటే ‘లేదమ్మా’ అంటారు, అక్కడితో అయిపోతుంది. ‘ఆవిడ పాడుతుంటే మీరు ఎక్కడ కూర్చునేవారు? ఏ పని చేస్తూ పాడేది? ఎవరైనా విసుక్కునేవారా?’ అని అడగండి. ఒకావిడ రొట్టె పిండి కలుపుతూ ఉండగా చెయ్యి తిరిగే వేగానికి బాణీ వచ్చేసింది, బాణీ వెనకే ఒక లైన్ వచ్చింది. ఆవిడ పిండి చేతులతోనే ఏడ్చేసింది.

మధ్యలో ఆపకండి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒక నర్సింగ్ హోమ్‌లో 88 ఏళ్ళ పెద్దాయన ఉండేవారు. వాళ్ళ ఊళ్ళో వరదకి ఒక గడ్డివాము మొత్తం ఏటిలో తేలుకుంటూ పక్క ఊరికి పోయిందట. దాని మీద ఊరి కవి ఎవరో హాస్యంగా పాట కట్టాడు. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన నోట్లో తప్ప. టీ సాసర్ మీద చెంచాతో తాళం వేస్తూ మొదలుపెట్టారు. మూడో చరణంలో ఒక మాట అర్థం కాక నేను ‘ఏమన్నారు?’ అన్నాను. ఆగిపోయారు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు, ఆ మాట దగ్గరకొచ్చేసరికి నా మొహంలోకి చూసి మళ్ళీ ఆగిపోయారు. ఆరోజుకి అంతే, టీ చల్లారిపోయింది. నాకు రాత్రంతా టెన్షన్, ఇక రాదేమో అని. వారం తర్వాత వెళ్ళి నోరు మూసుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆరు చరణాలు వచ్చాయి. ఇలాంటివాళ్ళు మాటల్ని విడిగా దాచుకోరు, దారాన్ని దాచుకుంటారు. మధ్యలో తెంపితే మళ్ళీ మొదటి కొసనుంచి లాగాల్సిందే.

ఆయన పాట ముగించిన తీరు కూడా మీకు పనికొస్తుంది. చివరి రెండు మాటలు పాడలేదు, మామూలుగా చెప్పేసి చెంచా కింద పెట్టారు. ఐర్లండ్‌లో పాతకాలపు గాయకులు చాలామంది అలాగే చేస్తారు. పాట అయిపోయింది, ఇక మీరు మాట్లాడుకోవచ్చు అని చెప్పినట్టు. మీవాళ్ళలో ఎవరైనా ‘ఈ ముక్క ఆవిడ పాడేది కాదు, చెప్పేది’ అన్నారనుకోండి, అది పాటలో ఆఖరి మాట అయివుండొచ్చు. పాట చివరి కొస దొరికినట్టే.

రికార్డు చేశాక ఇంట్లో కాగితాలు వెతకండి. పుస్తకాల అల్మరా కాదు, బిస్కెట్ల డబ్బా, ప్రార్థన పుస్తకం, పాత నోటుబుక్కు వెనక పేజీలు. ‘ఐర్లండ్స్ ఓన్’ అనే పత్రిక 1902 నుంచి వస్తోంది, అందులో పాటల మాటలు వేసేవారు. పల్లెటూరి ఆడవాళ్ళు వాటిని కత్తిరించి దాచుకునేవారు. ఇంకోటి, సంతల్లో అమ్మిన పాటల కాగితాలు. ఒక పల్చటి కాగితం మీద ఒకటో రెండో పాటలు అచ్చువేసి, అమ్మేవాడు సంతలో నిలబడి పాడుతూ అమ్మేవాడు. మన దగ్గర సినిమా హాలు బయట పాటల పుస్తకాలు అమ్మినట్టే. అందులోనూ అచ్చుతప్పులు అలాగే ఉండేవి, జనం ఆ తప్పులతోనే నేర్చుకునేవారు.

ఇప్పుడు బయట వెతకడం. మీ విషయంలో నేనైతే మొదట తట్టే తలుపు డూఖస్ వెబ్‌సైట్‌లోని బడిపిల్లల సేకరణ. 1937 నుంచి 1939 వరకు ఐరిష్ జానపద కమిషన్ దేశంలోని ప్రైమరీ బడుల పిల్లల చేత ఒక పని చేయించింది. ఇంటికెళ్ళి అమ్మానాన్నల్నీ, అమ్మమ్మ తాతయ్యల్నీ, ఇరుగుపొరుగునీ అడిగి కథలు, వైద్యాలు, పాటలు, సామెతలు రాసుకు రమ్మంది. 26 కౌంటీల్లో దాదాపు 5,000 బడులు పాల్గొన్నాయి. మొత్తం దాదాపు 7,40,000 పేజీలు. అసలు ప్రతులు డబ్లిన్‌లో యూసీడీ అనే యూనివర్సిటీలోని జాతీయ జానపద సేకరణలో ఉన్నాయి, స్కాన్ చేసినవి ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు.

లెక్క వేయండి. రాసింది ఎక్కువగా పై తరగతుల పిల్లలు, పదకొండు నుంచి పద్నాలుగేళ్ళవాళ్ళు. మీవారి అమ్మమ్మకి 1937లో పన్నెండేళ్ళు. అంటే ఆవిడ రాసిన పేజీయే అందులో ఉండొచ్చండీ! ఆవిడది కాకపోతే పక్క బెంచీ పిల్లది. నేను ఇలా వెతికిపెట్టినప్పుడు ఒకాయనకి పాట దొరకలేదు గానీ, వాళ్ళమ్మ పన్నెండేళ్ళప్పుడు గుండ్రటి అక్షరాలతో పులిపిర్ల వైద్యం గురించి రాసిన పేజీ దొరికింది. ప్రింట్ తీసి ఇస్తే పాట సంగతే మర్చిపోయాడు.

అక్కడ వెతికేటప్పుడు చాలామంది బోల్తాపడే చోటు పేర్లు. టీచరు ఐరిష్ అభిమాని అయితే పిల్లల పేర్లన్నీ ఐరిష్‌లో రాయించేవారు. ఇంట్లో నోరా ఓసల్లివాన్ అయిన పిల్ల బడి పుస్తకంలో ‘నోరా నీ హూలవాన్’ అవుతుంది, స్పెల్లింగు చూస్తే రెండూ ఒకటేనని మీకు తట్టదు. పెళ్ళికాని ఆడపిల్లల ఇంటిపేరు ముందు ‘ఓ’ బదులు ‘నీ’ వస్తుంది. అందుకే పేరుతో కాకుండా ముందు కౌంటీ, ఆ తర్వాత పారిష్ (ఒక చర్చి కిందకి వచ్చే ప్రాంతం), ఆ తర్వాత బడి, ఇలా దిగుతూ వెళ్ళండి. ఆ బడి పుస్తకం మొత్తం పేజీ పేజీ తిప్పండి. ఓ శనివారం మధ్యాహ్నం పని.

దీనికి ఊరి పేరు కచ్చితంగా తెలియాలి. ‘పశ్చిమ లిమరిక్’ అంటే చాలదు. ఇక్కడ టౌన్‌ల్యాండ్ అని ఒకటుంది, మన శివారు పల్లె లాంటిది, కొన్ని పొలాలూ కొన్ని ఇళ్ళూ. దేశం మొత్తం మీద 60,000కి పైగా ఉన్నాయి. పాట తిరిగేది ఆ స్థాయిలో. ఐరిష్ జీనియాలజీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో 75 ఏళ్ళు దాటిన పెళ్ళిళ్ళ నమోదులు ఉచితంగా ఉంటాయి. అమ్మమ్మగారి తల్లిదండ్రుల పెళ్ళి కాగితం తీయండి. పెళ్ళినాటికి పెళ్ళికూతురు ఏ టౌన్‌ల్యాండ్‌లో ఉందో, ఆమె తండ్రి ఎవరో అందులో ఉంటుంది. పాట ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే నేను ముందు తల్లి పుట్టింటి ఊరే చూడమంటాను. పొయ్యి దగ్గర పాడే పాట ఎక్కువగా అమ్మ నుంచి కూతురికి వస్తుంది, అమ్మ దాన్ని పుట్టింటి నుంచి తెచ్చుకుంటుంది. మన లాలిపాటలు, అప్పగింతల పాటలు వచ్చిన దారే.

ఆ ఊరు తెలిశాక 1901, 1911 జనాభా లెక్కలు చూడండి. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఇంటింటి కాగితం స్కాన్ ఉచితంగా ఉంది. అందులో చివర్లో ఐరిష్ భాష గురించి ఒక గడి ఉంటుంది. ఐరిష్ ఒక్కటే వస్తే ‘ఐరిష్’ అని, రెండూ వస్తే ‘ఐరిష్, ఇంగ్లిష్’ అని రాయాలి, లేకపోతే ఖాళీ. తాతమ్మ పేరు ఎదురుగా ఆ రెండు మాటలు కనబడ్డాయంటే, మీ పాటలో ఐరిష్ పిలుపు ఒక్కటే కాదు, చరణాలు కూడా ఒకప్పుడు ఐరిష్‌లో ఉండి ఉండొచ్చు. గడి ఖాళీగా ఉంటే పాట ఇంగ్లిష్ కాగితం మీదనుంచి వచ్చి ఉండొచ్చు. వెతికే దారి ఇక్కడ రెండుగా చీలుతుంది.

ఇంగ్లిష్ దారిలో వెళ్ళేవాళ్ళకి రౌడ్ సూచిక. స్టీవ్ రౌడ్ అనే లైబ్రేరియన్ తయారుచేసిన జాబితా ఇది, ఇంగ్లిష్‌లో ఉన్న జానపద గీతాలకి ఒక్కోదానికి ఒక నంబరు ఇస్తుంది. లండన్‌లోని వాన్ విలియమ్స్ స్మారక లైబ్రరీ సైట్‌లో ఉంది. ఒకే పాటకి పది పేర్లుంటాయి, ఒకే పేరుతో నాలుగు పాటలుంటాయి. నంబరు ఒకటి దొరికితే పేర్ల గొడవ తీరుతుంది. అందులో పాట మాటలు ఉండవని ముందే చెప్తున్నాను, చాలామంది అక్కడ నిరాశపడి వదిలేస్తారు. మాటలు ఏ పుస్తకంలో, ఏ రికార్డింగ్‌లో ఉన్నాయో చెప్తుందంతే. పాట పేరుతో కాకుండా మొదటి లైన్‌తో వెతకండి. సంత కాగితాలకైతే ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ లైబ్రరీ సైట్‌లో దాదాపు 30,000 పాటలు ఉన్నాయి. డబ్లిన్, కార్క్ అచ్చువాళ్ళవి కూడా ఉన్నాయి.

ఆ తర్వాత డబ్లిన్‌లో మెరియన్ స్క్వేర్‌లో ఉన్న ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్. జనం ఇట్మా అంటారు, 1987లో మొదలైంది. ఎవరైనా వెళ్ళి వినొచ్చు, మెయిల్ కూడా పెట్టొచ్చు. మెయిల్ పెట్టేటప్పుడు ‘ఒక ఐరిష్ పాట కావాలి’ అనకండి. టౌన్‌ల్యాండ్, పాడినావిడ పుట్టిన సంవత్సరం, గుర్తున్న ముక్కలు వినబడినట్టే, బాణీ ఆడియో, ఈ నాలుగూ పంపండి. మీకు భౌగోళికంగా కలిసొచ్చే ఇంకో విషయం: 1940లలో షేమస్ ఎనిస్ జానపద కమిషన్ తరఫున సైకిలు మీద తిరిగి పాటలు రాసుకున్నాడు, 1951లో అమెరికా నుంచి అలన్ లోమాక్స్ అనే జానపద పాటల సేకర్త రికార్డింగ్ మిషన్ వేసుకొచ్చాడు. పశ్చిమ కార్క్‌లో బాలీవూర్నీ ఊరి బెస్ క్రోనిన్ పాటలు వాళ్ళు పట్టుకున్నారు. ఆవిడకి ఐరిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ పాటలు వచ్చు. ఆ రికార్డింగులు వినండి. మీ పాట అందులో లేకపోయినా, ఆ పక్క ఆడవాళ్ళు పాటని ఎలా నడిపేవారో చెవికి పడుతుంది, అప్పుడు మీ అత్తగారి హమ్మింగ్‌లో మాట ఎక్కడ కూర్చుంటుందో మీకే తెలుస్తుంది. ఉత్తర ఐర్లండ్ కౌంటీల వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీకు బడిపిల్లల సేకరణ లేదు గానీ శామ్ హెన్రీ ఉన్నాడు. కోల్‌రేన్ పత్రికలో 1923 నుంచి 1939 వరకు వచ్చిన పాటల శీర్షిక ఆయన పేరు మీదే నిలిచింది, పుస్తకంగా కూడా వచ్చింది.

బాణీ మాత్రమే దొరికితే? సంతోషించండి, కానీ నమ్మకండి. ఒకే బాణీకి ఇక్కడ ఎన్ని పాటలైనా కడతారు. నా దగ్గరకొచ్చిన వాళ్ళలో సగంమంది బాణీ గుర్తుపట్టి వేరే పాట ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళే.

సగం తెలిసిన మాటని సరిచేసుకోవడానికి ఒక కిటుకు, మన తెలుగువాళ్ళకి ఇది నచ్చుతుంది. మనకి ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం హల్లు కలవాలి కదా. ఐరిష్ పాటల్లో హల్లు కలవక్కర్లేదు, అచ్చు కలిస్తే చాలు. ఐరిష్ చదువుకున్న పల్లెటూరి కవులు ఇంగ్లిష్‌లో పాట కట్టినప్పుడు కూడా ఆ అలవాటు పోలేదు. లైను చివర మాట అచ్చు, తర్వాతి లైను మధ్యలో మళ్ళీ వినబడుతుంది. కాబట్టి మీవాళ్ళు పాడిన ముక్కలో ఒక మాట అర్థవంతంగానే ఉన్నా ఆ చోట అచ్చు కలవకపోతే, అది మధ్యలో ఎవరో మార్చిన మాట అని అనుమానించొచ్చు. అలా ఒకసారి ‘శాలువా’ స్థానంలో అసలు ‘తెల్లవారుజాము’ అని ఉండాలని పట్టుకున్నాం, ఇంగ్లిష్‌లో షాల్, డాన్ రెండింటికీ ఒకే ‘ఆ’ లాంటి అచ్చు. కథ మొత్తం మారిపోయింది.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఇంటి పాట అనుకున్నది ఇంటి పాట కాకపోవచ్చు. ఒక కుటుంబం తమ ముత్తాత కట్టిన పాట అని తెచ్చింది. కేథలీన్ అనే భార్యని సముద్రం దాటించి ఇంటికి తీసుకెళ్తానని పాడే పాట. అది 1875లో అమెరికాలోని ఇండియానాలో థామస్ వెస్టెన్‌డార్ఫ్ అనే సంగీతం మాస్టారు రాసింది, ఐర్లండ్‌తో దానికి పుట్టుసంబంధం లేదు. అందరూ ఐరిష్ పాట అనుకునే ‘డానీ బాయ్’ మాటలు రాసింది కూడా ఫ్రెడరిక్ వెదర్లీ అనే ఇంగ్లిష్ లాయరే. కేథలీన్ పాట సంగతి చెప్పగానే ఆ కుటుంబం మొహాలు మాడిపోయాయి. నేను చెప్పాల్సింది చెప్పాను: మీ ముత్తాత రాయలేదు సరే, కానీ ఆయన రెండో చరణం మొత్తం వదిలేసి మొదటిదే రెండుసార్లు ఎందుకు పాడేవాడు? అది మీ ఇంటి సంగతే కదా? అప్పుడు మొదలైంది అసలు సంభాషణ, ఆయన మొదటి భార్య గురించి.

ఇప్పుడు ఏఐ చరణాల సంగతి. మీరు పెట్టినవి చదివాను. ఆరు చరణాలూ ఒకే కొలత, అన్నిట్లో పచ్చని కొండలు, కన్నీటి అమ్మ, చివర్లో మళ్ళీ కలుస్తామనే ఆశ. ఒక్క టౌన్‌ల్యాండ్ పేరు లేదు, ఒక్క మనిషి పేరు లేదు, ఓడ పేరు లేదు. నిజమైన వలస పాటలో ఏదో ఒక మొరటు వివరం ఉంటుంది: టికెట్ ఖరీదో, పక్కింటి ఆవో, తేదీయో. మీరు ఇచ్చిన శాలువానీ పొగనీ తీసుకుని చుట్టూ దూది పెట్టిందంతే. అయినా నా భయం అది అబద్ధమని కాదు. ఈమధ్య ఒకావిడ ఇలాంటిదే ప్రింట్ తీసి వాళ్ళ పిన్నికి చూపించింది. పిన్ని వారం ముందు నాతో ‘మూడు మాటలే గుర్తున్నాయి’ అన్న మనిషి. కాగితం చూశాక ‘ఆ, ఇదే, ఇదే పాడేది’ అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఆవిడ నోట అసలు మూడు మాటలు కూడా అసలు రూపంలో రాలేదు. అచ్చు పుస్తకంలో దొరికిన పాటతో కూడా ఇదే ప్రమాదం. అందుకే ముందు రికార్డు చేయమన్నాను.

చివరిగా అక్టోబర్. పాట మొత్తం దొరక్కపోతే అచ్చులో దొరికిన దగ్గరి పాఠం తీసుకోండి, కానీ మీ ఇంటి రెండు ముక్కల్నీ వాటి చోట వాటినే ఉంచండి. పుస్తకం ఇంకోలా ఉన్నా సరే, క్వీన్స్‌టౌన్ మార్చకండి, శాలువా రంగు మార్చకండి. ఖాళీ ఉన్నచోట బాణీని హమ్ చేయించండి. ఏ లైను ఎవరు గుర్తుచేశారో కాగితం పక్కన రాసిపెట్టండి. పిల్లలు ‘కుశలమ్మా’ అనే పాడుతున్నారని రాశారు, దాన్ని కూడా ఒకసారి రికార్డు చేసి ఉంచండి.

మీ అత్తగారి హమ్మింగ్ ఆడియో ఇక్కడ పెడితే నేను వింటాను. దానితోపాటు అమ్మమ్మగారి తల్లి పుట్టింటి టౌన్‌ల్యాండ్ పేరు, అమ్మమ్మగారు ఏ బడిలో చదివారో తెలిస్తే అది కూడా రాయండి. వచ్చే సోమవారం నాకు మధ్యాహ్నం ఖాళీ, ఆ బడి పుస్తకం నేనూ ఓసారి తిప్పి చూస్తాను.